అవ్వ మాట అర్థం కావాలంటే: మన హాలుకు కొనబోయే రిసీవర్, దాని వెనకున్న కథ

తెలుగు అక్షరాలు రాని వాళ్ల కోసం ఎప్పట్లాగే దీన్ని చదివి ఆడియోగా కూడా పెడతాం. ఈసారి కొంచెం పొడుగైంది, ఓర్చుకోండి.

పోయిన సంక్రాంతికి తుంబలహళ్లిలో మన హాల్లో జరిగింది వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా దాచిన క్యాసెట్ తెచ్చి పెట్టాం. అందులో ఒక అవ్వ తిరగలి పాట పాడి, తమ పెద్దలు ఎట్లా ఈ పక్కకు వచ్చి చేరారో చెప్తుంది. బాడుగకు తెచ్చిన సెట్టులో పెడితే హాలంతా అదిరింది గానీ ఒక్క మాట తెలియలేదు. ముందు వరుసలో కూర్చున్న ఆమె కూతురే, "గొంతు మా అమ్మదే, ఏమంటా ఉందో తెలీలా" అని కళ్లు తుడుచుకుంది. పిల్లలు ఐదు నిమిషాల్లో బయటికెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే కమిటీ అనుకుంది, హాలుకు సొంతంగా ఒక హోమ్ థియేటర్ సెట్టు కొనాలని. సభ్యులు తలా కొంత వేసుకున్న డబ్బు అది. టమాటా ధర పడిపోయిన నెలలో కూడా మాట తప్పకుండా ఇచ్చినవాళ్లున్నారు. ఏది కొనాలో చూసి చెప్పమని మా ముగ్గురికి అప్పజెప్పారు. ధర్మపురిలో తిరిగాం, సేలంలో తిరిగాం, బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక పగలంతా తిరిగాం. తిరిగే కొద్దీ మాకు అర్థమైంది ఒకటే. ఏ పెట్టె మంచిదని అడిగితే దారి తెలియదు. ఈ పెట్టె ఎందుకు పుట్టింది, ఎవరి ఇబ్బంది తీర్చడానికి పుట్టింది అని వెనక్కి వెళ్తేనే మనకేం కావాలో తెలుస్తుంది. అందుకే ముందు కథ చెప్పి, తర్వాత లెక్కకు వస్తాం.

మన ఇళ్లల్లో తెలుగు కంటితో చదివే భాష కాదు, చెవితో వినే భాష. బడిలో తమిళం, బస్సు బోర్డు తమిళం, కొందరికి బెంగళూరు పనుల వల్ల కన్నడం. ఇంట్లో అవ్వ దగ్గర మాత్రం తెలుగు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్లలో ఒకటో తరగతి నుంచి వరసగా తమిళం తప్పనిసరి అయింది. అదే సంవత్సరం ప్రభుత్వం ఉచిత కలర్ టీవీల పథకం మొదలుపెట్టింది. ఆ టీవీలోనే మన పిల్లలు తెలుగు సినిమాలు చూశారు. బడిలో దొరకని తెలుగు చిన్న స్పీకర్‌లోంచి వాళ్ల చెవిన పడింది. అంటే మనకు స్పీకర్ సరదా వస్తువు మాత్రమే కాదు. ఒక మాట సరిగ్గా వినపడకపోతే దాన్ని పుస్తకంలో చూసి సరిచేసుకునే వీలు మన పిల్లల్లో చాలామందికి లేదు.

సినిమాకు మాట వచ్చిన రోజు నుంచే మన కథ కూడా అందులో ఉంది. 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదలైన 'కాళిదాస్' తొలి తమిళ టాకీ అంటారు. తీసింది హెచ్.ఎం. రెడ్డి. మర్నాటి సంవత్సరం విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిందీ ఆయనే. 'కాళిదాస్'లో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, నాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగులో మాట్లాడాడు. కొన్ని చిన్న వేషాలవాళ్లు హిందీలో మాట్లాడారు. ఇప్పుడు చెప్తే నవ్వొస్తుంది. కానీ మన ఇంట్లో అవ్వ తెలుగులో అడిగితే మనవడు తమిళంలో జవాబు చెప్పేదీ ఇట్లాగే కదా. సినిమావాళ్లు మన వరండాలో కూర్చుని రాసుకుపోయినట్టుంది.

ఆ తర్వాత మనకు దగ్గరలోనే సేలంలో టి.ఆర్. సుందరం మోడరన్ థియేటర్స్ పెట్టి తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం అన్నీ తీశారు. ఏర్కాడు రోడ్డులో ఆ స్టూడియో ముఖద్వారం ఇప్పటికీ నిలబడి ఉంది, పోయేటప్పుడు చూడండి. మన ధర్మపురి కూడా 1965 దాకా సేలం జిల్లానే. మద్రాసులో విజయావారు 'పాతాళభైరవి', 'మాయాబజార్' రెండు భాషల్లోనూ తీశారు. మన పక్క జనం ఎవరికి ఏది దొరికితే అది చూశారు, రెండూ దొరికితే రెండూ చూశారు.

ఎక్కడ చూశారు? టెంట్ కొట్టాయిలో. మా ముగ్గురిలో పెద్దాయన చిన్నప్పుడు ఇసుకను కుప్పగా చేసుకుని దాని మీద కూర్చుని చూసినవాడు. ఫిల్ము అంచున సన్నటి గీతలా శబ్దం అచ్చయి ఉంటుంది. దాని గుండా దీపం వెలుగు పోతుంది, అవతల ఉన్న ఫోటోసెల్ ఆ వెలుగులోని హెచ్చుతగ్గుల్ని కరెంటుగా మారుస్తుంది, ఆంప్లిఫైయర్ దాన్ని పెంచుతుంది, తెర దగ్గరున్న స్పీకర్ పలుకుతుంది. ఒకటే ట్రాక్, ఒకటే చోటు నుంచి శబ్దం. బొమ్మ ఎక్కడుంటే మాట అక్కడి నుంచే. "అప్పుడు గాలి, వాన, బీడీ పొగ, పిల్లల ఏడుపు అన్నీ ఉండేవి, అయినా ఎస్వీ రంగారావు పలికిన ఒక్క మాట పోలేదప్పా" అంటాడు ఆయన. జ్ఞాపకం కొంచెం తీపి చేసి చెప్తున్నాడేమో గానీ, ఆయన మాటలో ఒక సాంకేతిక నిజం ఉంది. టెంట్ కొట్టాయిలో ఉన్నది మధ్య స్పీకర్ ఒక్కటే. ఇప్పుడు మనం సెంటర్ స్పీకర్ అని విడిగా డబ్బిచ్చి కొంటున్నది దాన్నే.

ఇక్కడ కాస్త అమెరికా పోయి రావాలి, ఎందుకంటే ఈ మధ్య స్పీకర్ సంగతి మొదట తేల్చింది అక్కడి టెలిఫోన్ కంపెనీవాళ్లు. 1933 ఏప్రిల్‌లో బెల్ లాబ్స్ ఇంజినీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న వాద్యబృందాన్ని టెలిఫోన్ తీగల మీద వాషింగ్టన్ నగరంలోని ఒక పెద్ద హాలుకు పంపించి వినిపించారు. ఎడమకొకటి, మధ్యకొకటి, కుడికొకటి, మొత్తం మూడు దారులు. మనిషికి చెవులు రెండే కదా, మూడెందుకు?

ఇందుకు. రెండు స్పీకర్లకు సరిగ్గా నడుమ కూర్చున్నవాడికి రెండు వైపుల నుంచీ ఒకే మాట ఒకేసారి వస్తే, అది మధ్యలో నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. పక్కకు జరిగి కూర్చున్నవాడికి అట్లా అనిపించదు. దగ్గరున్న స్పీకర్ మాటే ముందుగా, గట్టిగా చేరుతుంది. రెండోదాని మాట కొంచెం ఆలస్యంగా వచ్చి దాన్ని చెదరగొడుతుంది. ఇంట్లో ఒక్కడు సోఫా నడుమ కూర్చుని వింటే రెండు స్పీకర్లు చాలు. పెళ్లికి వచ్చినట్టు జనం పక్కలకంతా పరుచుకుని కూర్చునే చోట మధ్యలో నిజమైన స్పీకర్ ఉండాల్సిందే. సంక్రాంతికి బాడుగ సెట్టువాడు మన హాల్లో రెండు మూలలకు రెండు పెద్ద డబ్బాలు పెట్టాడు, మధ్యలో ఏమీ పెట్టలేదు. తొంభై ఏళ్ల కిందట తేలిన విషయం మన దగ్గర ఇంకా తేలలేదు.

సినిమావాళ్లకు ఇది తొందరగానే పట్టుబడింది. 1940లో డిస్నీ 'ఫాంటాసియా'కు చాలా ఖర్చుపెట్టి పలు దారుల శబ్దం తయారుచేశాడు. 1953లో సినిమాస్కోప్ 'ది రోబ్'తో నాలుగు ట్రాకులు వచ్చాయి, ఎడమ, మధ్య, కుడి, వెనక. తెర ఎంత వెడల్పయినా మధ్యలో స్పీకర్ ఉంచారు. మన తెలుగులో 1986లో కృష్ణ 'సింహాసనం' 70 ఎంఎంలో, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది. ఆ ఆరు ట్రాకులు వినాలంటే పెద్ద ఊళ్లో 70 ఎంఎం హాలుకు పోవాలి. మన టెంట్ కొట్టాయిలో అట్లాంటి సినిమా వచ్చినా మళ్లీ ఒకే స్పీకర్.

ఇప్పుడు డాల్బీ గురించి. ఈ పేరు మనవాళ్లు మొదట చూసింది సినిమా హాల్లో కాదు, గల్ఫ్ నుంచి వచ్చిన టేప్ రికార్డర్ మీద. రెండు 'డి' అక్షరాల గుర్తు, పక్కన ఒక బటన్. రే డాల్బీ అనే ఆ అమెరికా ఇంజినీరు 1963 నుంచి 1965 దాకా ఐక్యరాజ్యసమితి తరఫున సలహాదారుగా మన దేశంలోనే, చండీగఢ్‌లో పనిచేశాడు. టేపు మీద వినిపించే ఆ 'స్స్' అనే రొదను ఎట్లా తగ్గించాలన్న ఆలోచన ఇక్కడున్న రోజుల్లోనే వచ్చింది. 1965లో లండన్ పోయి కంపెనీ పెట్టాడు. అంటే మనుషుల గొంతు మీద పడ్డ దుమ్మును దులపడమే ఆ కంపెనీ మొదటి పని. చుట్టూ తిరిగే హెలికాప్టర్ చప్పుళ్లు తర్వాత వచ్చినవి.

మాటలో మాట, ఒక జాగ్రత్త. మన పాత క్యాసెట్లు చాలావరకు డాల్బీ లేని సాదా రికార్డర్లలో పట్టినవి. వాటిని పెట్టేటప్పుడు ఆ డాల్బీ బటన్ నొక్కకండి. డాల్బీతో రికార్డు చేసిన టేపుకే అది పనికొస్తుంది. మామూలు టేపుకు నొక్కితే రొదతోపాటు గొంతులోని పదును కూడా పోయి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. సంక్రాంతి రోజు మేమూ ఆ తప్పు చేశాం.

1970ల నడుమ డాల్బీవాళ్లు నాలుగు దారుల శబ్దాన్ని రెండు ట్రాకుల్లోకి మడిచి, హాల్లో మళ్లీ విప్పే ఉపాయం తెచ్చారు. 1977లో 'స్టార్ వార్స్'తో అది ఊరూరా పాకింది. ఆ రెండు ట్రాకులే వీడియో క్యాసెట్‌లోకీ వచ్చాయి కాబట్టి ఇంట్లో కూడా విప్పవచ్చు కదా అనుకున్నారు. 1982లో ఇళ్లకు డాల్బీ సరౌండ్ వచ్చింది. అయితే అది వెనక స్పీకర్‌ను మాత్రమే విప్పింది, మధ్యదాన్ని వదిలేసింది. 1987లో ప్రో లాజిక్ వచ్చాక గానీ ఇంటి సెట్టులో సెంటర్ స్పీకర్ కూర్చోలేదు. వింతగా ఉంది చూడండి. టెంట్ కొట్టాయిలో అన్నిటికంటే ముందున్నది, ఇంటికి అన్నిటికంటే ఆఖరున వచ్చింది.

ఈ ప్రో లాజిక్ పనితీరు మనకు చాలా ముఖ్యం, కాబట్టి ఇంకో నాలుగు వాక్యాలు. ఎడమ ట్రాకులోనూ కుడి ట్రాకులోనూ ఒకే శబ్దం ఒకే తీరున ఉంటే, అది మధ్యలోని మనిషి మాట అని లెక్కగట్టి సెంటర్ స్పీకర్‌కు పంపిస్తుంది. మన అవ్వల క్యాసెట్లు, ఫోన్లో పట్టిన మాటలు, పాత సినిమాలు అన్నీ మోనోనే, రెండు పక్కలా ఒకటే శబ్దం. ఇట్లాంటి విప్పే ఏర్పాటు ఉన్న రిసీవర్‌లో పెడితే అవ్వ గొంతు తనంతట తానే మధ్య పెట్టెలోకి పోయి కూర్చుంటుంది. ఇప్పటి రిసీవర్లలో అదే పనికి డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్ వంటి పేర్లుంటాయి. కొనేటప్పుడు మేము మొదట అడిగింది ఇదే. సగం దుకాణాల్లో మా ముఖం వింతగా చూశారు.

తర్వాత డిజిటల్ కాలం. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్. డీటీఎస్‌లో శబ్దం ఫిల్ము మీద ఉండదు, వేరే సీడీలో ఉంటుంది. ఫిల్ము మీది సంకేతం ఆ సీడీని వెంట నడిపిస్తుంది. 5.1 అన్న పేరు పెట్టిన ఘనత టామ్లిన్సన్ హోల్మన్‌కు ఇస్తారు. ఐదు పూర్తి దారులు, పదిలో ఒక వంతు లాగా కింది గంభీరమైన శబ్దాలకు ఒకటి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చి డిష్‌లున్న ఇళ్లల్లో తెలుగు పగలంతా వినపడింది. ఆ వెనకే వీసీడీలు, తర్వాత డీవీడీలు. 5.1 అన్నమాట సందు సందుకూ చేరింది.

అప్పుడే మన పక్క మెకానిక్‌ల బంగారు కాలం మొదలైంది. ఎస్‌టీకే 4141, ఎల్ఏ 4440, టీడీఏ 2030, టీడీఏ 7294. ఈ ఐసీ నంబర్లు మా రెండో ఆయనకు మేనల్లుళ్ల పేర్లలాగా కంఠతా వచ్చు. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో ఎస్పీ రోడ్డు నుంచో బోర్డులు తెచ్చి, స్థానికంగా రేకు పెట్టెలు చేయించి, ముందు నీలం లైట్లు పెట్టి అమ్మారు. డీవీడీ ప్లేయర్ వెనక ఆరు పిన్నులుండేవి. లోపలే 5.1 విప్పి ఆరు తీగల్లో పంపేది. ఆ ఆరు తీగలూ అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్‌కు పెడితే అది నిజమైన 5.1. తక్కువ డబ్బుతో నిజమైన పని చేసిన ఆ తమ్ముళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే మాకు ఒళ్లు మండుతుంది.

చిక్కు తర్వాత వచ్చింది. 2002లో హెచ్‌డీఎంఐ పుట్టింది. నెమ్మదిగా ప్లేయర్ల వెనక ఆ ఆరు పిన్నులు మాయమయ్యాయి. ఇప్పుడు సినిమా డిస్కులో రావడం లేదు, ఇంటర్నెట్‌లో టీవీకి వస్తుంది. టీవీ నుంచి శబ్దం బయటికి రావాలంటే ఆప్టికల్ తీగ, లేదా 2009లో వచ్చిన ఏఆర్‌సీ ఉన్న హెచ్‌డీఎంఐ. అందులో 5.1 మడిచిపెట్టి వస్తుంది. విప్పే చిప్ పెట్టెలో ఉండాలి. అది లేని పెట్టెలు ఇప్పటికీ ముందు 5.1 అని రాసుకుని అమ్ముడుపోతున్నాయి. అవి చేసేది రెండు దారుల శబ్దాన్నే ఐదు స్పీకర్లకూ పంచిపెట్టడం. ఐదింటిలోనూ ఒకటే పాట, ఐదింటిలోనూ అన్ని మాటలూ. మన హాల్లో పెడితే సంక్రాంతి నాటి కథే మళ్లీ. మా ముగ్గురిలో ఒకాయన ఇంటికి అట్లాంటిదే కొన్నాడు. దుకాణం పేరు ఎత్తడం లేదు. ఏడాది పాటు అందరికీ నిజమైన 5.1 అని చెప్పుకున్నాడు పాపం.

ఇంతకీ రిసీవర్ అన్న పేరు ఎందుకు? ఇది స్వీకరించేది రేడియోను. రేడియో పట్టే ట్యూనర్, శబ్దాన్ని పెంచే ఆంప్లిఫైయర్ వేరువేరు పెట్టెల్లో ఉన్న రోజుల్లో రెండింటినీ ఒక పెట్టెలో పెట్టి రిసీవర్ అన్నారు. సిడ్నీ హార్మన్, బెర్నార్డ్ కార్డన్ ఇద్దరూ 1953లో కంపెనీ పెట్టి, మరుసటేడు తెచ్చిన ఫెస్టివల్ డి1000 అట్లాంటి తొలి హై-ఫై పెట్టెల్లో ఒకటి. మన అవ్వాతాతలు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు విన్న సెట్టూ, ఇప్పుడు వేలు పోసి కొనే ఈ పెట్టే ఒకే వంశం. ఇప్పటికీ చాలా రిసీవర్ల వెనక ఎఫ్ఎం యాంటెన్నా పెట్టే రంధ్రం ఉంటుంది, ఎవరూ వాడరు.

బ్రాండు మీద ప్రాణం పెట్టే తమ్ముళ్లకు ఒక మాట. 1953లో న్యూయార్క్‌లో సాల్ మరాంట్జ్ పెట్టిన మరాంట్జ్, 1910 నాటి జపాన్ డెనాన్ చాలా ఏళ్లుగా ఒకే యజమాని కింద ఉన్నాయి. ఆ యజమానులూ మారుతూ వచ్చి, 2025లో ఆ రెండూ హార్మన్ చేతికి చేరాయి. ఆ హార్మన్ 2017 నుంచి శాంసంగ్‌ది. ఒకప్పుడు రిసీవర్లలో ఏలిన ఓంక్యో ఇంటి ఆడియో కంపెనీ 2022లో దివాలా తీసింది, పేరు మాత్రం వేరేవాళ్ల చేతుల్లో బతికి ఉంది. ముందు అతికించిన పేరు చూసి కాక, వెనక అతికించిన కాగితం చూసి కొనాలి.

ఆ కాగితం మీద ముందుగా చూడాల్సింది వాట్లు. పాత టూ-ఇన్-వన్‌ల మీద పీఎంపీఓ 1000 అని రాసుకున్న రోజులు మరిచిపోలేదు కదా, అరచేతంత స్పీకర్‌కు వెయ్యి! ఇప్పుడంత అన్యాయం లేదు గానీ గారడీ పోలేదు. యమహా ఆర్ఎక్స్-వి385 అనే ఐదు దారుల రిసీవర్‌నే తీసుకోండి. రెండు దారులు ఒకేసారి నడుపుతూ, అన్ని శ్రుతుల్లోనూ శుభ్రంగా ఇచ్చేది 70 వాట్లు. ఒకే దారి, ఒకే శ్రుతి మీద అయితే 100. పది శాతం చెదిరిపోయినా ఫరవాలేదనుకుంటే 135. మూడూ నిజమే, మూడూ వాళ్లు రాసినవే. దుకాణంవాడు మూడోది చెప్తాడు, మనం మొదటిది అడగాలి. రెండు పెట్టెలు పోల్చేటప్పుడు ఒకదాని మొదటి అంకెను ఇంకోదాని మూడో అంకెతో పోలిస్తే మోసపోతాం. మేమూ మొదటి వారం అట్లాగే పోల్చాం.

ఇప్పుడు మన ముందున్నవి మూడు. మొదటిది బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన తమ్ముళ్లు చెప్పిన తొమ్మిది దారుల అట్మాస్ రిసీవర్. 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చిన పద్ధతి అది. 2015లో 'బాహుబలి' అట్మాస్‌లో విన్నవాళ్లకు బాణాలు నెత్తి మీదుగా పోవడం గుర్తుండే ఉంటుంది. గొప్పదే, కాదనం. కానీ దానికి కప్పులో స్పీకర్లు కావాలి. మన హాలుకు ఉన్నది వాలు రేకులు. వానొస్తే నెత్తి మీద అట్మాస్ దానంతట అదే వస్తుంది. పైగా ఉన్న డబ్బంతా ఆ పెట్టెకే అయిపోతే స్పీకర్లు నాసివి కొనాల్సి వస్తుంది.

రెండోది మన మెకానిక్ మామ చేసిస్తానన్న పెట్టె. ఆప్టికల్, ఏఆర్‌సీ విప్పే బోర్డు పెట్టి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో. మూడోది కంపెనీ ఐదు దారుల రిసీవర్, మైకుతో గది కొలిచే ఏర్పాటు ఉన్నది. ఆ చిన్న మైకును మనుషులు కూర్చునే చోట పెడితే పెట్టె తనే చప్పుళ్లు చేసి, ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉంది, ఎంత గట్టిగా పలకాలి అని లెక్క వేసుకుంటుంది. యమహాలో వైపావో, డెనాన్‌లో ఆడిసీ, పేర్లు వేరైనా పని అదే. దానికి తోడు సెంటర్ ఒక్కదాన్ని రెండు మూడు మెట్లు పెంచుకోవచ్చు. సినిమావాళ్లు హాలుకు సరిపోయేట్టు మాట మెత్తగా, బాంబు గట్టిగా పెడతారు. మనం సౌండు తగ్గిస్తే మొదట పోయేది మాటే. ఆ తేడాను తగ్గించే రాత్రి మోడ్ కూడా ఇందులో ఉంటుంది. రాత్రి పదయ్యాక సౌండు బయటికి పోకూడదన్న నియమం 2000 నుంచి ఉంది. పక్కింటివాళ్లతో తగాదా లేకుండా కథ వినాలంటే ఆ మోడ్ పనికొస్తుంది.

మా ముగ్గురిలో ఇద్దరం మూడోదానికే మొగ్గు. రెండో ఆయన ఒప్పుకోలేదు, ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. "అది చెడితే బెంగళూరు పంపాల, నెల పడ్తాది. మామ పెట్టె చెడితే సాయంత్రానికి బాగైతాది" అంటాడు. పిడుగు పడ్డప్పుడు హెచ్‌డీఎంఐ బోర్డులు పోవడం మనమంతా చూసిందే. దానికి మేము చెప్పింది, స్టెబిలైజర్, సరైన ఎర్త్ వేయించడం, వాన మొదలవగానే కరెంటు ప్లగ్గే కాక డిష్ తీగ కూడా పీకేయడం. ఆ పీకే బాధ్యత ఒకరి పేరు మీద రాయాలి, 'అందరూ చూసుకుంటారు' అంటే కుదరదు. ఆయన సగం ఒప్పుకున్నాడు.

ఇంకొకటి, ఇది ఏ రిసీవరూ తీర్చలేనిది. మన హాలు నేల గ్రానైట్, గోడలు నున్నటి సిమెంటు, పైన రేకు. చప్పట్లు కొడితే ఎంతసేపు మోగుతుందో ఆదివారం మీరే వినండి. ఒక మాట గోడకు కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడితే, మైకు ఎంత లెక్క వేసినా అవ్వ మాట తెలియదు. అందుకే మా లెక్కలో రిసీవర్‌కు మూడో వంతుకు మించి పెట్టలేదు. మంచి సెంటర్ స్పీకర్‌కు కొంత, మిగిలినదాంట్లో వెనక గోడకు మందపాటి పరదాలు, నేలకు భవానీ జంపఖానాలు. ఇళ్లల్లో వాడని పాత జంపఖానాలుంటే తెచ్చివ్వండి, ఆ ఖర్చు తగ్గుతుంది. వెనక గోడకు గోనెపట్టా వేద్దామన్న సలహా కూడా వచ్చింది, ఎలుకలకు భయపడి ఆపాం.

ఆదివారం పదింటికి హాల్లో పరీక్ష పెడుతున్నాం. మామ తన పెట్టె తెస్తానన్నాడు. ఐదు దారుల రిసీవర్ ఒకటి తెలిసినవాళ్ల ఇంటి నుంచి ఒక్కరోజుకు అడిగి తెస్తున్నాం. రెండింటిలోనూ ఒకే సెంటర్ స్పీకర్ పెట్టి, ఏది ఏ పెట్టో చెప్పకుండా, అవ్వ క్యాసెట్టే పెడతాం, డాల్బీ బటన్ నొక్కకుండా. ఆమె కూతురు ఎప్పటి చోటే, ముందు వరుసలో కూర్చుంటుంది. చివరి వరుసలో, పక్క గోడ దగ్గర, పన్నెండేళ్ల లోపు పిల్లలు నలుగురిని కూర్చోబెట్టి, విన్న మాటలు వాళ్లకు తెలిసిన లిపిలో, తమిళంలోనే అయినా, రాయమంటాం. ఎవరి ఇంట్లోనైనా అట్లాంటి క్యాసెట్లు ఉంటే ఒక పెన్సిల్‌తో కలిపి తెచ్చుకోండి, టేపు వదులైతే చుట్టుకోవడానికి.